ముందు నువ్వు రాసుకో సేటూ

మొన్నొక మందుల కంపెనీ ప్రతినిధి మా షాపుకి వచ్చాడు. కోదాడ ఎండలో మెడకు టై. బ్యాగులోంచి చిన్న గొట్టం తీసి కౌంటర్ మీద పెట్టాడు. దాని కొనకు ఉక్కు గుండు. అది కళ్ళ కింద దొర్లిస్తే ఉబ్బు పోతుందట, నలుపు పోతుందట, వయసు కూడా పోతుందట. ఒక్కొక్కటే పోగొడుతూ అతను మంచి ఊపు మీదుండగా, నేను అనుకోకుండానే నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"ముందు నువ్వు రాసుకో."

"నేనా సార్?"

"నువ్వే. నా ముందర రాసుకో. మళ్ళ వచ్చేటప్పుడు ఆ మొకం పట్టుకొని రా. అప్పుడు సూద్దాం ఆర్డర్ సంగతి."

వేళాకోళం అనుకుని అతను నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ మాట నాది కాదు మరి. ఇదే కౌంటర్‌కి అవతల నిలబడి కొన్నేళ్ళపాటు నా ప్రాణం తోడేసిన ఒక బడి బస్సు డ్రైవర్‌ది. ఆయన పోయి ఏడాది కావొస్తోంది. ఆయన మాట మాత్రం నా నోట్లో కాపురం పెట్టింది.

పేరు రాయను. బతికుండగా ఎవరైనా పేరడిగితే "ఎందుకు?" అని ఎదురడిగే మనిషి. పిల్లలకు డ్రైవర్ తాత. నాకు అన్న. నేను ఆయనకు సేటు. అంతే చాలు.

ముఖం గురించి మాత్రం చెప్పి తీరాలి. నల్లటి, పొడుగాటి ముఖం. గడ్డం ఎప్పుడూ నున్నగా గీసి ఉండేది, చొక్కాకి ఇస్త్రీ తప్పేది కాదు. ఇవన్నీ ఎవరికీ కనిపించేవి కావు. కనిపించేవల్లా కళ్ళ కింద రెండు సంచులు. ఉబ్బు అంటే తక్కువ చేసి చెప్పినట్టే. ఒక్కో కంటి కింద ఒక్కో చిన్న దొండకాయను పడుకోబెట్టినట్టు ఉండేవి. పొద్దున పూట ఇంకాస్త లావు. మా దగ్గర అలాంటి కళ్ళున్న మగవాణ్ణి చూడగానే జనం నోరు కూడా విప్పరు. బొటనవేలు నోటివైపు వంచి పక్కవాడికి చూపిస్తారు. తాగుతాడు అని. విచారణ లేదు, సాక్ష్యం లేదు. కళ్ళే సాక్ష్యం.

ఆయన తాగడు. కల్లు సీజన్లో కూడా ముట్టడు. నేను ఈ మాట ఇప్పుడు ధీమాగా రాస్తున్నాను గానీ, మొదట్లో నమ్మానా ఏమన్నా! మందుల షాపు నడిపేవాడికి అనుమానం లేకపోతే పూట గడవదు. దగ్గు సిరప్ అడిగినవాడికి దగ్గుందా అని చూడాలి, నిద్రమాత్రల చీటీ మీద సంతకం డాక్టర్‌దేనా అని చూడాలి. ఈయన వచ్చి నిలబడితే నేను మాట వినడం మానేసి ఊపిరి వాసన చూసేవాణ్ణి. ఆయన అది కనిపెట్టాడు. కౌంటర్ మీదికి వంగి, నా ముక్కు ముందర నోరు తెరిచి, "హా" అని గట్టిగా ఊపిరి వదిలాడు.

"అయిందా సేటూ? వచ్చిందా వాసన?"

సోంపు వాసన వచ్చింది. దాంతో నాకు ఇంకో అనుమానం పుట్టింది, వాసన కప్పిపెట్టడానికే సోంపు నమిలాడేమోనని. అదీ కనిపెట్టాడు మహానుభావుడు. మర్నాడు సోంపు మానేసి వచ్చి మళ్ళీ "హా" అన్నాడు. ఈసారి ఉల్లిగడ్డ కారం వాసన. ఇక నేను చేతులెత్తేశాను.

ఈ "హా" నాకొక్కడికే అనుకునేరు. అది ఆయన దినచర్య. బడి బస్సు మొదటి స్టాపు మా షాపు ముందరే. కోదాడలో పిల్లల్ని ఎక్కించుకుని అనంతగిరి దారిలో ఉన్న బడికి తీసుకుపోవాలి. పొద్దున్నే బస్సు ఆపగానే కిటికీలోంచి తల బయటపెట్టి, పిల్లను తెచ్చిన తల్లి ముఖం మీద "హా" అనేవాడు. ఆ తర్వాతే తలుపు తెరిచేది. కొత్తగా వచ్చిన తల్లులు జడుసుకునేవారు. పిల్లలకు మాత్రం పండగ. బస్సు ఎక్కే ప్రతి పిల్లా ఆయన వీపు వెనక "హా" అని ఎక్కేది. సాయంత్రం దిగి ఇంటికెళ్ళి అమ్మల మీద కూడా "హా" అనేవారట.

మొదటి స్టాపులో నిలబడే తల్లి, మా పక్క సందులో జాకెట్లు కుట్టే టైలరమ్మ. జగ్గయ్యపేట నుంచి కోడలిగా వచ్చింది. రెండో తరగతి చదివే కూతురు. ఆమె అనుమానం ముందు నా అనుమానం ఏ మూలకీ రాదు. జాకెట్టు కొలత తీసుకున్నాక కూడా మళ్ళీ తీసుకునే మనిషి. రోజూ ఆ కిటికీ కింద నిలబడి, ఊపిరి పీల్చి, తల అడ్డంగా ఆడించేది.

"వాసన రావట్లేదండీ. రాకపోతే తాగలేదని రూలేముంది? ఆ కళ్ళు చూడండి."

ఇక ఆయన అనుమానం సంగతి. లోకం మొత్తం తనను అనుమానిస్తే, తానూ లోకాన్ని వదిలిపెట్టలేదు. చాయ్ హోటల్లో కప్పు అందుకోగానే "ముందు నువ్వు తాగు" అని మాస్టర్‌కే ఇచ్చేవాడు. బంకులో డీజిల్ పోస్తుంటే కిందికి దిగి, మీటర్ దగ్గర ముక్కు ఆనించి నిలబడేవాడు. బస్సులో ఉండే ఆయమ్మ పిల్లల్ని లెక్కపెట్టి సరిపోయారని చెప్పినా లేచి మళ్ళీ తానే లెక్కపెట్టేవాడు. సాయంత్రం దింపిన పిల్ల ఇంట్లోకి వెళ్ళి, లోపలినుంచి ఎవరో ఒకరు చెయ్యి ఊపితే తప్ప బండి కదిలేది కాదు. వెనకాల లారీవాడు హారన్ కొట్టి చచ్చినా సరే. "గేటు దాటింది గని తలుపు దాటిందా? ఎవనికి తెల్సు?" అనేవాడు.

నా షాపులో ఆయన బాధితుడిని నేను. కళ్ళ కింద ఉబ్బుకి ఏదైనా క్రీము ఉందా అని అడిగేవాడు. ఉంది అనేవాణ్ణి.

"నువ్వు రాసుకున్నవా?"

"నాకెందుకన్నా? నాకు లేవు గద."

"రాసుకోకుండ ఎట్ల అమ్ముతున్నవ్? ముందు నువ్వు రాసుకో సేటూ."

రాసుకునేవాణ్ణి. ఏం చేస్తాను! ఆ డబ్బా ఈ డబ్బా, కాఫీ క్రీము, కీరా జెల్లు, ఆయన పుణ్యమా అని అన్నీ నా కళ్ళ కింద పడ్డాయి. వారమయ్యాక వచ్చి కళ్ళద్దాలు పెట్టుకుని మరీ నా ముఖం పరీక్ష చేసేవాడు. "ఏం తేడా లేదు" అని తేల్చి, ఏదీ కొనకుండా వెళ్ళిపోయేవాడు. తేడా ఎలా ఉంటుంది, జబ్బు ఆయనది, వైద్యం నాకైతే? మధ్యలో మా ఆవిడకి అనుమానం పట్టుకుంది. "ఈ వయసుల ఎవరి కోసం ఈ సోకులు?" అని నిలదీసింది. ఆయన కోసం అని చెబితే నమ్మలేదు. నేనైనా నమ్మేవాణ్ణి కాదు.

ఇంట్లో ఆయన భార్య చేసే వైద్యం వేరు. చెంచాలు ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచి కళ్ళ కింద ఆనించేది. ఆలుగడ్డ చక్రాలు, కీరా చక్రాలు వేసేది. టీ సంచులు తడిపి పెట్టమని ఎవరో చెబితే అదీ చేసింది. పొద్దున కాస్త తగ్గినట్టుండి, అనంతగిరి చేరేలోపే మళ్ళీ మామూలే. ఉప్పు తగ్గించమన్నాను. తగ్గించాడు. నిద్ర సరిగ్గా పోతున్నావా అన్నాను. "నేను పోతున్న. ఇవి పోతలేవు" అన్నాడు.

ఇంతలో ఒకరోజు ఎవరో ఆయన బస్సులో కూర్చుని ఉండగా ఫోటో తీశారు. సరిగ్గా రెప్ప వేసే క్షణం. కళ్ళు సగం మూతపడి, కింద ఆ రెండు సంచులు. చూసినవాడెవడైనా మత్తులో ఉన్నాడనే అంటాడు. అది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పడింది. 'మన పిల్లలు ఎవరి చేతుల్లో ఉన్నారు?' అని కింద ఒక ప్రశ్న. తీసింది టైలరమ్మేనని నా అనుమానం. నేను కాదండీ అని ఆమె ఇప్పటికీ ఒట్టు పెడుతుంది.

బడి కరస్పాండెంట్ పిలిపించి ముందు నల్ల కళ్ళద్దాలు ఇచ్చాడు. అవి పెట్టుకుని వచ్చిన రోజు మరీ అన్యాయం. చిన్నపిల్లలు గుర్తుపట్టక ఏడ్చారు. టైలరమ్మ అయితే, "చూశారా, కళ్ళు దాచుకున్నాడంటేనే ఏదో ఉంది" అంది. రెండో రోజుకే అద్దాలు నా కౌంటర్ మీద పారేసి, "నువ్వు పెట్టుకో" అన్నాడు. ఆ తర్వాత కరస్పాండెంట్ మళ్ళీ పిలిచి సూటిగా చెప్పాడట. ఆయన వచ్చి ఆ మాటలు నాకు అప్పజెప్పాడు.

"నువ్వు తాగవని నాకు తెల్సు అన్నడు సేటూ. కని తల్లిదండ్రులకు కనపడేది మొకం అన్నడు. దసరా సెలవులు వచ్చేలోపట ఆ కండ్లు బాగు చేపిచ్చుకో, లేకపోతే వేరేటోన్ని సూసుకుంట అన్నడు."

అన్నీ మామూలుగానే చెప్పాడు. చెబుతున్నంతసేపూ కుడిచెయ్యి మాత్రం కౌంటర్ అంచు పట్టుకుని, గేరు మార్చినట్టు ముందుకీ వెనక్కీ కదులుతోంది. లారీలు తోలి, ఇసుక బండ్లు తోలి, చివరికి ఈ పసుపుపచ్చ బస్సు ఎక్కాడు ఆయన. "లారీల ఉన్నప్పుడు ఎవడూ నా కోసం సూడలే. ఇక్కడ పొద్దుగాల పిల్లలు నా కోసం నిలబడ్తరు" అని ఒకసారి అన్నాడు. ఆ సీటు పోతే ఆయనకి మళ్ళీ లారీయే.

సూర్యాపేటలో ఒక చర్మ వైద్యుడి దగ్గరకు వెళ్దాం, నువ్వూ రా అన్నాడు. "ఆయన ఇంగిలీషుల చెప్తడు, నేను మోసపోత." ఆదివారం బస్సెక్కాం. డ్రైవర్ వెనక సీటులోనే కూర్చున్నాడు. దారి పొడవునా నా చెవిలో ఒకటే గొణుగుడు. "గేరు తప్పేసిండు. అద్దం సూస్తలేడు. ఈనికి నిద్ర సాలలేదు." దిగేటప్పుడు ఆ డ్రైవర్ ముఖంలోకి ముఖం పెట్టి కళ్ళు చూసి వచ్చాడు. తన మీద పడ్డ అనుమానమే తాను ఇంకొకడి మీద పడుతున్నానని ఆయనకు తట్టనే లేదు. నేనూ అనలేదు.

ఆసుపత్రి గోడల నిండా ఫోటోలు. చికిత్సకు ముందు, చికిత్స తర్వాత. మా వంతు వచ్చేదాకా ఆయన ఒక్కో ఫోటో దగ్గర ఆగి దర్యాప్తు చేశాడు.

"సేటూ, ఈడ సూడు. ముందుదాంట్ల లైటు నెత్తి మీదికెళ్ళి పడ్డది. తర్వాతదాంట్ల మొకం మీద పడ్డది. లైటు మార్చి సంచులు తీసిన అంటుండు."

"మెల్లగన్నా, వింటరు."

"విననియ్యి."

డాక్టర్ నెమ్మదస్తుడు. వేళ్ళతో ఆ సంచుల్ని తాకి చూశాడు, రక్తం పరీక్షలు చేయించాడు, థైరాయిడ్, కిడ్నీ ఏమీ లేవని తేల్చాడు. మీ ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా అన్నాడు. "మా అయ్యకు, మా తాతకు" అన్నాడు ఈయన. అయితే ఇది తాగుడూ కాదు, జబ్బూ కాదు అని డాక్టర్ తేటతెలుగులో వివరించాడు. కంటి కింద ప్రతి మనిషికీ కొంచెం కొవ్వు ఉంటుంది, దాన్ని పట్టి ఉంచే పొర వయసుతో వదులవుతుంది, కొందరికి వంశంలోనే వదులు, అప్పుడు కొవ్వు ముందుకు తోసుకొస్తుంది.

"క్రీములతో?" అన్నాను నేను, నా వ్యాపారం నాది కనుక.

"చర్మం కొద్దిగా బిగుస్తుంది. కొవ్వు ఎక్కడికీ పోదు."

ఇంజెక్షన్ ఒకటుందన్నాడు. సంచి కింద పల్లంగా ఉన్నచోట నింపితే ఎత్తుపల్లాలు కలిసిపోయి కనపడవు, కానీ కొంతకాలమే, పైగా ఈయనకున్న సైజుకి అది చాలదు. లేజర్ అంటే ముడతలకు పనికొస్తుంది. నిజంగా పోవాలంటే ఆపరేషన్ ఒక్కటే. రెప్ప లోపలివైపు నుంచి కోసి కొవ్వు తీస్తారు, లేదా సర్దుతారు. హైదరాబాద్ పంపిస్తానన్నాడు. ఒకటి రెండు వారాలు కళ్ళు కమిలి నల్లగా ఉంటాయి, అన్నాళ్ళూ బండి తోలొద్దు.

తర్వాత ఆయన్ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, చేతికి అద్దం ఇచ్చాడు.

"చూడండి. పడుకుంటే లోపలికి పోతాయి."

నిజమే. సంచులు చాలావరకు పోయాయి. కింద ఇంకో మనిషి పడుకుని ఉన్నాడు. నాకే కొత్తగా అనిపించింది. ఆయన అద్దాన్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నాడు.

"మంచిగనే ఉన్న. కని పండుకొని బస్సు ఎట్ల తోలాలె సార్?"

డాక్టర్ పకపకా నవ్వాడు. నవ్వుతూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంతే, మావాడు లేచి కూర్చున్నాడు.

"సార్, మీకు గూడ ఉన్నయి గద!"

ఉన్నాయి. ఇంత లావు కావు గానీ, ఉన్నాయి. నాకు సిగ్గేసి నేల చూశాను.

"మా నాన్నవి" అన్నాడు డాక్టర్.

"మరి మీరెందుకు తీపిచ్చుకోలే? ముందు మీరు తీపిచ్చుకోండి సార్."

డాక్టర్ మళ్ళీ కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "నాకు అవసరం పడలేదు. నా కళ్ళు చూసి పాపం రాత్రంతా చదువుతాడేమో అనుకుంటారు" అన్నాడు.

బస్టాండ్‌కి ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచాడు. బస్సు ఎక్కాక అన్నాడు. "రెండు వారాలు నేను స్టీరింగ్ ఇడిస్తే ఇంకొకడు కూసుంటడు సేటూ. కూసున్నోడు లేస్తడా? ఇగ కమిలిన కండ్లతోని ఊర్ల తిరిగితే ఏమంటరు? తాగి కొట్టుకున్నడు అంటరు." ఆపరేషన్ మాట అక్కడితో ఖతం. సెలవులు మాత్రం దగ్గరికొస్తున్నాయి.

ఆ తర్వాత కొద్ది రోజులకు వచ్చాడు. షాపులో ఆడవాళ్ళు వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి, "పైల్స్ ట్యూబు ఒకటియ్యి" అన్నాడు. ఇచ్చాను. డ్రైవర్లకు అది మామూలే, రోజంతా సీటు మీదే కదా. మజ్జిగ బాగా తాగు, సీటు మీద మెత్త వేస్కో అని సలహా కూడా పారేశాను. ఊ కొట్టాడు. మొట్టమొదటిసారి "ముందు నువ్వు రాసుకో" అనలేదు. అనలేదు కదా అని నేను లోలోపల నవ్వుకున్నాను కూడా. అక్కడ అనుమానించాల్సింది. ఏ రోజు అనుమానించాలో ఆ రోజే నా అనుమానం నిద్రపోయింది.

సెలవులకు ముందు చివరి వారం. షట్టర్ ఎత్తుతుంటే రోడ్డు మీద గోల. పసుపు బస్సు ఆగి ఉంది, దాని ముందర రెండు చేతులూ చాచి టైలరమ్మ. కూతుర్ని వెనక్కి లాగి పట్టుకుంది.

"దిగండి డ్రైవర్ గారూ! దిగాల్సిందే! ఇవాళ మాత్రం నేను ఎక్కించను!"

ఆయన దిగాడు. కళ్ళు ఎర్రగా మండిపోతున్నాయి, నీళ్ళు కారుతున్నాయి. కింది సంచులు వాచి నిగనిగలాడుతున్నాయి. రాత్రంతా తాగి వచ్చినవాడు కూడా అంత తాగినట్టు కనపడడు. ఆయన ఆమె ముందు నిలబడి "హా" అన్నాడు. పక్కనున్న ఇంకో తల్లి ముందు "హా". ఒక తండ్రి ముందు "హా". ఎవరూ వాసన చూడలేదు. అందరూ ముఖం తిప్పేసుకున్నారు. ఎవరో ఫోన్లో వీడియో తీస్తున్నారు. అప్పటికే ఎక్కిన పిల్లలు బస్సు కిటికీల్లోంచి చూస్తున్నారు. ఆ రోజు ఒక్క పిల్ల కూడా "హా" అనలేదు.

కరస్పాండెంట్ కారులో దిగాడు. చూశాడు. "తాళం ఇచ్చెయ్యి" అన్నాడు.

ఆయన తాళం ఇవ్వలేదు. పిడికిలి బిగించాడు. నేను జనాన్ని తోసుకుని దగ్గరకు వెళ్ళాను. కళ్ళ కింద జిడ్డు మెరుస్తోంది. నా షాపు సరుకు నాకు తెలియదా?

"ఏం రాసినవ్ అన్నా?"

నా వైపు చూశాడు, జనం వైపు చూశాడు. తాగుబోతు అనిపించుకుని ఇంటికి పోవాలి, లేదా ఇంతమంది ఆడవాళ్ళ ముందు ఆ సంగతి చెప్పాలి. రెండే దారులు. చివరికి చొక్కా జేబులోంచి ట్యూబు తీసి పైకి ఎత్తిపట్టుకున్నాడు.

టైలరమ్మ లాక్కుని చదివింది. తనకే అనుమానం వచ్చి ఇంకోసారి చదివింది. ఆ తర్వాత పైకి చదివింది. ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మొదట ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెంటనే రోడ్డంతా నవ్వు. కరస్పాండెంట్ కూడా అటు తిరిగి భుజాలు కదిలించాడు.

టైలరమ్మ నవ్వలేదు.

"ఇది ఎక్కడ రాసుకునేదో తెలుసా మీకు?" అంది, గొంతు తగ్గించి.

"తెల్సమ్మా" అన్నాడు. "తెలిసే రాసుకున్న. బస్సు పోతదని భయమేసింది."

నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. మిర్యాలగూడలో రైస్ మిల్లులో పనిచేసే ఆయన బామ్మర్ది చెప్పాడట, అది ఎక్కడ రాస్తే అక్కడ వాపు గుంజుతుందని. "నువ్వు ముందు రాసుకో" అంటే వాడు రాసుకుని చూపించాడట, ఏమీ కాలేదట. ఏమవుతుంది? వాడికి కళ్ళ కింద ఉబ్బూ లేదు, ఈయనలా పూట పూటకీ పూయనూ లేదు. ఇన్నేళ్ళ ఆయన పరీక్ష అక్కడ బోల్తా కొట్టింది.

షాపు ముందు బెంచీ మీద కూర్చోబెట్టి కళ్ళలో నీళ్ళు కొట్టాను. ఆ కళ్ళతో బండి తోలడం కుదరదు కాబట్టి కరస్పాండెంట్ ఇంకో డ్రైవర్‌కి ఫోన్ చేశాడు. ఆ మాట వినగానే మావాడు తడి ముఖంతోనే లేచి నిలబడ్డాడు. అప్పుడు టైలరమ్మ అంది.

"ఇవాళ ఒక్కరోజే సార్. కళ్ళు తగ్గాక ఈయనే రావాలి. ఈయన రాకపోతే మా పిల్ల రాదు."

కళ్ళు తగ్గాయి. సెలవులు అయ్యాయి. ఆయనే వచ్చాడు. మొదటి స్టాపులో బస్సు ఆపి, కిటికీలోంచి తల పెట్టి "హా" అన్నాడు.

"చాల్లెండి డ్రైవర్ గారూ, నమ్ముతున్నాను" అంది ఆమె.

"ఇయ్యాల నమ్ముతవు. రేపు? వాసన సూడమ్మా."

చూస్తే గానీ తలుపు తెరవలేదు.

తర్వాత సంచుల గురించి ఆయన నన్ను క్రీములు అడగలేదు. ఒక్కటి మాత్రం చెప్పి తనే నవ్వేవాడు. సూర్యాపేట డాక్టర్ చెప్పింది ఇంట్లో ఆటయిపోయిందట. మధ్యాహ్నం వచ్చి మంచం మీద వెల్లకిలా వాలి, "పోయినయా?" అని భార్యను అడిగేవాడట. "పోయినయి" అనేదట. లేచి కూర్చుని, "వచ్చినయా?" "వచ్చినయి." ఇది రోజూ ఉండాల్సిందే. "నిజం చెప్తదో లేదో, నాకైతే అనుమానమే. అద్దం ఇయ్యమంటే ఇయ్యదు" అనేవాడు.

పోయిన వానాకాలం, ఒక ఆదివారం, మధ్యాహ్నం నిద్రలో పోయాడు. గుండె అన్నారు. నేనూ టైలరమ్మా కలిసి వెళ్ళాం. వాకిట్లో టెంటు, దాని కింద అద్దాల ఫ్రీజర్ పెట్టె. బడి పిల్లలు కొందరు తల్లుల చేతులు పట్టుకుని నిలబడ్డారు. కరస్పాండెంట్ పూలదండ వేసి పక్కకు జరిగాడు.

టైలరమ్మ పెట్టె దగ్గరకు వెళ్ళి వంగి చూసింది. వెంటనే నా వైపు తిరిగింది.

"ఆయనేనా అండీ?"

నేనూ చూశాను. కళ్ళ కింద ఏమీ లేదు. చదునుగా, నున్నగా ఉంది. చనిపోయిన మనిషిలా లేడు, ఎప్పుడూ చూడని మనిషిలా ఉన్నాడు. ఎన్ని డబ్బాలు, ఎన్ని చెంచాలు, ఎంత పరేషాన్, చివరికి ఇంత తేలిగ్గా పోయాయా అని కోపం వచ్చింది నాకు. ఈ ముఖంతో ఒక్కరోజు, ఒక్కటంటే ఒక్క రోజు, ఆ బస్సు తోలి ఉంటే!

"కళ్ళ కింద అవేవి?" అంది టైలరమ్మ, ఏడుపు గొంతుతో, ఎవరో తీసేశారని అనుమానపడుతున్నట్టు.

పెట్టె తలాపున కూర్చున్న ఆయన భార్య తల ఎత్తింది. ఇన్నాళ్ళ అలవాటు మీద, మామూలుగా, ఆమెకు నచ్చజెప్పింది.

"పండుకుంటే గట్లనే లోపటికి పోతయమ్మా. లేసి కూసుంటే మల్ల వస్తయి."